క్యాసినో ఊళ్లకు కుటుంబంతో వెళ్లాలంటే: మకావా, సింగపూరా, జెంటింగా, గోవానా?

చైనా దక్షిణ తీరంలోని మకావు అనగానే మన ఇళ్లలో పెద్దవాళ్లు మొహం చిట్లిస్తారు. జూదం ఊరికి పిల్లల్ని తీసుకెళ్లడమేమిటి అంటారు. అదే సింగపూర్ అంటే ఎవరూ ఏమీ అనరు. సింగపూర్‌లో 2010 నుంచి రెండు పెద్ద క్యాసినోలున్నాయి. మూడు టవర్ల మీద పడవ పెట్టినట్టుండే మెరీనా బే శాండ్స్ ముందు నిలబడి ఫొటో దిగని తెలుగువాళ్లు అరుదు. ఆ భవనానికి ఎక్కువ ఆదాయం తెచ్చేది లోపలి క్యాసినోయే అన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

కాబట్టి క్యాసినో ఉందా లేదా అన్న ప్రశ్నతో ఊరిని ఎంచుకోలేం. విజయనగరం, శ్రీకాకుళం ఏజెంట్లు అమ్మే ప్యాకేజీల్లో సగం ఊళ్లలో అది ఉండనే ఉంటుంది. హోటల్ గది నుంచి టిఫినుకు, అక్కడి నుంచి పిల్లల ఆటలకు వెళ్లే దారిలో క్యాసినో ఎన్నిసార్లు అడ్డం వస్తుంది? నేనైతే ముందు ఇదే అడుగుతాను. పైడితల్లమ్మ పండగలో రంగులరాట్నానికీ గుండాటకీ మధ్య ఎంత జాగా ఉందో చూసుకుని పిల్లాడి చెయ్యి పట్టుకున్నట్టే ఇదీ. మిగతా లెక్కలు, అంటే వీసా, విమానం, తిండి, మోకాళ్ల నొప్పులు, ఆ తర్వాత.

మకావు: ఇప్పుడు మనల్ని ఎందుకు పిలుస్తోంది

మకావులో జూదాన్ని చట్టబద్ధం చేసింది 1847లో, అప్పట్లో దాన్ని ఏలిన పోర్చుగీసువాళ్లు. 1962 నుంచి నలభై ఏళ్లు ఆ వ్యాపారమంతా ఒకే సంస్థ చేతిలో ఉంది. 2002లో తలుపులు తెరిచారు, 2004లో లాస్ వెగాస్ కంపెనీ శాండ్స్ అక్కడ మొదటి క్యాసినో పెట్టింది. తర్వాత పదేళ్లలో జరిగింది నమ్మశక్యం కాదు. 2013లో జూదం మీద వచ్చిన రాబడి 360 బిలియన్ పటాకాలు (పటాకా అక్కడి కరెన్సీ), అంటే లాస్ వెగాస్ ప్రధాన వీధి రాబడికి ఏడు రెట్ల దాకా. మకావు విస్తీర్ణం మొత్తం 33 చదరపు కిలోమీటర్లే.

అంత డబ్బు ఒకే చోట నుంచి వస్తే ఎంత ప్రమాదమో కోవిడ్ చూపించింది. సరిహద్దులు మూసేయడంతో ఊరు ఖాళీ అయింది. అదే సమయంలో చైనా ప్రభుత్వం పెద్ద జూదగాళ్లను పట్టుకొచ్చే దళారుల మీద విరుచుకుపడింది. 2022లో చట్టం మార్చి, 2023 జనవరి 1 నుంచి ఆరు కంపెనీలకు మళ్లీ పదేళ్ల అనుమతులిచ్చారు. షరతు ఏమిటంటే, ఆ కంపెనీలు పెడతామన్న సుమారు 118.8 బిలియన్ పటాకాల పెట్టుబడిలో 108.7 బిలియన్లు జూదం కాని పనులకూ, విదేశీ పర్యాటకులను రప్పించడానికీ ఖర్చు కావాలి. ప్రదర్శనలు, మ్యూజియంలు, వాటర్ పార్కులు, పిల్లల ఆటస్థలాలు ఇంత జోరుగా రావడం వెనక ఉన్నది ఈ షరతే.

మనలాంటివాళ్లకు ఇది లాభమే. జూదం ఆడేవాళ్ల డబ్బుతో నడిచే సౌకర్యాలను ఆడనివాళ్లు వాడుకోవచ్చు. ఫెర్రీ రేవుల నుంచి, సరిహద్దు గేట్ల నుంచి పెద్ద హోటళ్లకు తిరిగే ఉచిత బస్సులు అలాంటివే. మంచి హోటల్ గదులు కూడా వారం మధ్యలో వాటి హోదాకు తక్కువ ధరకే దొరుకుతాయి. శని, ఆదివారాలు వస్తే మాత్రం అదే గది ధర గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది.

చూడటానికి మకావులో రెండు ఊళ్లున్నాయనుకోండి. పాత ఊరు పోర్చుగీసు, చైనా కలిసిపోయిన ఊరు. కాలిపోగా ముఖద్వారం మాత్రమే మిగిలిన సెయింట్ పాల్ చర్చి, అలల ముగ్గులా రాళ్లు పరిచిన సెనాడో కూడలి, సముద్రంలోకి వెళ్లేవాళ్లను కాపాడే అ-మా దేవత గుడి అక్కడే ఉన్నాయి. 2005లో యునెస్కో దీన్ని వారసత్వ సంపదగా గుర్తించింది. వీధుల్లో తిరగడానికి టికెట్టు లేదు, క్యాసినో వాసనా తక్కువే. కళింగపట్నం, భీమిలి పాత కట్టడాలంటే ఇష్టపడేవాళ్లకు మకావు మొత్తంలో ఇదే నచ్చుతుందని నా నమ్మకం. ఒక్క ఇబ్బంది, అంతా ఎత్తుపల్లాలు, గచ్చు రాళ్లు. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మను సెయింట్ పాల్ మెట్ల దగ్గర బెంచీ మీద కూర్చోబెట్టి తిరిగి రావాల్సిందే.

రెండోది కోటాయ్, సముద్రాన్ని పూడ్చి కట్టిన కొత్త ఊరు. వెనిస్ కాలువ, సగం ఎత్తు ఈఫిల్ టవర్, లండన్ గడియారం ఒకే వీధిలో ఉంటాయి. నకిలీ వెనిస్ చూడటానికి ఇంత దూరమా అని నాకూ అనిపిస్తుంది కానీ, పదేళ్ల పిల్లలకు ఆ సందేహం రాదు. సిటీ ఆఫ్ డ్రీమ్స్‌లో నీళ్ల మీద జరిగే హౌస్ ఆఫ్ డ్యాన్సింగ్ వాటర్ ప్రదర్శన మాత్రం పిల్లలకే కాదు, ఎవరికైనా చూడదగ్గది. 2020లో ఆగిపోయి 2025 మేలో మళ్లీ మొదలైంది. కోలోన్ వైపు పార్కులో పాండాలున్నాయి. మకావు టవర్ మీద నుంచి 233 మీటర్ల బంగీ జంప్ ఉంది. ఇంజినీరింగ్ చదివే కుర్రాళ్లు అడుగుతారు, ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

క్యాసినో దారి సంగతి. కోటాయ్ హోటళ్లలో జూదం హాలు భవనం నడిబొడ్డున ఉంటుంది, దుకాణాలూ కాలువా పై అంతస్తుల్లో. 21 ఏళ్లు నిండనివాళ్లను లోపలికి రానివ్వరు, గుమ్మాల దగ్గర మనుషులుంటారు. పిల్లలతో ఉంటే చుట్టూ తిరిగి వెళ్లాలి. ఇబ్బంది కాదు గానీ, రోజూ కంటపడుతుంది.

ఇక ప్రయాణం. మన వైపు నుంచి మకావుకు నేరుగా విమానం లేదు. హాంకాంగ్ వెళ్లి 2018లో తెరిచిన 55 కిలోమీటర్ల వంతెన మీద బస్సులోనో, ఫెర్రీలోనో చేరాలి. లేదా కౌలాలంపూర్, బ్యాంకాక్‌ల నుంచి నేరుగా మకావుకే విమానం పట్టుకోవాలి. భారతీయులకు మకావులో 30 రోజుల దాకా వీసా అక్కర్లేదు. హాంకాంగ్‌కు వీసా లేకపోయినా బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకోవాలి. అది ఉచితం, పాస్‌పోర్టులో ఉన్న పేరు అక్షరం పొల్లుపోకుండా కొట్టాలి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం మామూలే కాబట్టి అక్కడ జాగ్రత్త.

తిండి దగ్గర శాకాహారులకు కష్టమే. కోటాయ్‌లోని వెనీషియన్ హోటల్లో, మంచి వంటకు ఇచ్చే మిషెలిన్ స్టార్ గుర్తింపు గతంలో పొందిన గోల్డెన్ పీకాక్ అనే భారతీయ భోజనశాల ఉంది, రుచికి పేరుంది, ధరా అలాగే ఉంటుంది. పూటపూటా అక్కడ తినలేం. కందిపొడి, ఆవకాయ, వేడినీళ్లు పోస్తే అయిపోయే ఉప్మా పొట్లాలు సూట్‌కేసులో ఉండాలి. ఇంకో చిన్న మాట: మకావులో హాంకాంగ్ డాలర్లు చెల్లుతాయి, చిల్లర పటాకాల్లో ఇస్తారు. ఆ పటాకాలు అక్కడే ఖర్చుపెట్టేయండి, ఇక్కడికి తెస్తే మార్చుకోవడానికి తిప్పలు పడాలి.

సింగపూర్: క్యాసినోను మూలకు నెట్టిన ఊరు

ఇక్కడ కథ తిరగబడింది. మకావులో ముందు జూదం, తర్వాత కుటుంబం. సింగపూర్‌లో పర్యాటకం ముందే ఉంది, దాన్ని పెంచడానికి క్యాసినో తెచ్చారు. 2005లో అక్కడి ప్రభుత్వం ఆ నిర్ణయం ప్రకటించేముందు దేశంలో పెద్ద వాదనే నడిచింది. అందుకే షరతులు గట్టిగా పెట్టారు. క్యాసినో హాలు మొదట్లో 15,000 చదరపు మీటర్లు దాటకూడదన్నారు. మిగతా భవనమంతా హోటళ్లు, సమావేశ మందిరాలు, మ్యూజియం, థీమ్ పార్కు కావాలన్నారు. సొంత పౌరులు లోపలికి వెళ్లాలంటే రోజుకు 100 సింగపూర్ డాలర్లు కట్టాలి. 2019లో దాన్ని 150 చేశారు. విదేశీయులకు ఆ రుసుం లేదు, పాస్‌పోర్టు చూపిస్తే చాలు. సొంత జనాన్ని ఆపడానికి రుసుం పెట్టి, మనకు మాత్రం ఉచితం అన్నారంటే వాళ్ల ఉద్దేశం ఏమిటో మనం ఆలోచించుకోవాలి.

అయినా నా లెక్కలో మొదటి స్థానం సింగపూర్‌దే. క్యాసినోకు వేరే గుమ్మం, అక్కడ పాస్‌పోర్టు తనిఖీ. సెంటోసాలో పగలంతా యూనివర్సల్ స్టూడియోస్‌లో తిరిగి, 2025 జులైలో పాత సీ అక్వేరియం స్థానంలో తెరిచిన సింగపూర్ ఓషనేరియం చూసి వచ్చినా, పక్కనే క్యాసినో ఉందని పిల్లలకు తెలియకపోవచ్చు. మెరీనా బే వైపు సాయంత్రం కాంతి ప్రదర్శనలు, గార్డెన్స్ బై ది బేలో పెద్ద ఇనుప చెట్ల కింద నడక ఉచితం. అద్దాల గదుల్లోని పూలతోటలకు మాత్రం టికెట్టు ఉంది.

విశాఖ నుంచి నేరుగా విమానం ఉండటం పెద్ద వెసులుబాటు. పెద్దవాళ్లతో, చంటిపిల్లలతో వెళ్లేవాళ్లకు మధ్యలో విమానం మారే టెన్షన్ లేకపోవడమే సగం సుఖం. భోగాపురం విమానాశ్రయం విజయనగరం జిల్లాలోనే కాబట్టి టికెట్టు కొనేటప్పుడు ఏ విమానాశ్రయం నుంచి బయల్దేరుతుందో ఒకసారి చూసుకోండి. ఇక తిండి. లిటిల్ ఇండియాలో సెరంగూన్ రోడ్డు మీద ఇడ్లీ, దోసె, అరిటాకు భోజనం దొరుకుతాయి. శ్రీనివాస పెరుమాళ్ గుడి అదే రోడ్డు మీద ఉంది. కార్తీక మాసంలో వెళ్లినా ఇంట్లో పెద్దావిడ నియమం తప్పనక్కర్లేదు.

ఇబ్బంది ఖర్చే. ఈ నాలుగింటిలో ఖరీదైన ఊరు ఇదే. గదులు చిన్నవి, నలుగురు కుటుంబానికి ఒక గదిలో సర్దుకోవడం కష్టం. వీసా ఏజెంటు ద్వారా తీసుకోవాలి. దిగే ముందు మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో నింపాల్సిన అరైవల్ కార్డు ఉచితం. దానికి డబ్బు అడిగే వెబ్‌సైట్లున్నాయి, వాటి జోలికి పోవద్దు. ఇంకో సంగతి ఏజెంట్లు చెప్పరు: ఖైనీ, గుట్కా, నమిలే పొగాకు సింగపూర్‌లోకి తీసుకెళ్లడం నేరం. చుట్టలూ సిగరెట్లూ ఒక్కటున్నా కస్టమ్స్‌లో చెప్పి పన్ను కట్టాలి. శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చే పెద్దవాళ్ల బొడ్డుసంచి విమానం ఎక్కకముందే ఒకసారి వెతకండి. నవ్వులాటకు చెప్పడం లేదు.

జెంటింగ్: కొండ మీద ఒకే కప్పు కింద

కౌలాలంపూర్‌కు గంట దూరంలో, సుమారు 6,000 అడుగుల ఎత్తున ఉన్న కొండ ఇది. లిమ్ గో టాంగ్ అనే వ్యాపారి 1965లో అడవిలో రోడ్డు వేయడం మొదలుపెట్టాడు. 1971లో మొదటి హోటల్ తెరిచారు. మలేషియా మొత్తానికి చట్టబద్ధమైన క్యాసినో ఇక్కడే. అక్కడి ముస్లింలకు ప్రవేశం లేదు.

కొండకు చేర్చే కేబుల్ కారు ఒక్కటి ఎక్కితే చాలు, ఈ ప్రయాణం గిట్టుబాటైనట్టే. మధ్యలో చిన్ స్వీ గుడి దగ్గర దిగి మళ్లీ ఎక్కొచ్చు. పైన 2022లో తెరిచిన స్కైవరల్డ్స్ థీమ్ పార్కు ఉంది. పొగమంచు, వాన వస్తే బయటి రైడ్లు ఆపేస్తారు. మధ్యాహ్నం వానలు అక్కడ మామూలే కాబట్టి పొద్దున్నే వెళ్లాలి. మన మే నెల ఎండల్లో ఉడికిపోయినవాళ్లకు ఆ చల్లదనం బాగా నచ్చుతుంది. దారిలో బటు కేవ్స్ అనే గుహల గుడి, 140 అడుగుల మురుగన్ విగ్రహం, 272 మెట్లు. మెట్లెక్కలేనివాళ్లు కింది నుంచే దండం పెట్టుకుంటారు.

ఖర్చు తక్కువ. 2023 డిసెంబర్ నుంచి భారతీయులకు 30 రోజుల వరకు వీసా లేదు, ఆ వెసులుబాటును 2026 చివరి దాకా పొడిగించారు. డిజిటల్ అరైవల్ కార్డు మాత్రం నింపాలి. వైజాగ్ నుంచి కౌలాలంపూర్‌కు 2024లో విమానం మొదలైంది. ఇలాంటి సర్వీసులు సీజన్ బట్టి మారుతుంటాయి కాబట్టి టికెట్టు చేతికి వచ్చాకే హోటల్ బుక్ చేయండి.

రాత్రి కొండ మీద ఉండమని మాత్రం చెప్పను. చీకటి పడ్డాక హోటల్, మాల్, సినిమా, క్యాసినో అన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, బయటికెళ్లడానికి వేరే ఊరే లేదు. పిల్లలు అలిసి పడుకుంటారు, పెద్దవాళ్లకు తోచదు. ఆ తోచకపోవడం మీదే ఆ కొండ వ్యాపారం నడుస్తుంది. పగలు వెళ్లి రాత్రికి కౌలాలంపూర్ దిగిపోవడమే మేలు.

గోవా, మరో రెండు ముక్కలు

గోవా గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. హౌరా వైపు నుంచి వాస్కో వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ విజయనగరం మీదుగానే పోతుంది. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. 1976 నాటి గోవా చట్టాన్ని 1992లో సవరించి పెద్ద హోటళ్లలో యంత్రాలకు, 1996లో నీళ్ల మీద ఓడలకు అనుమతిచ్చారు. ఆ ఓడలు పణజిలో మాండవి నదిలో లంగరేసి ఉంటాయి, రేవు నుంచి చిన్న పడవ ఎక్కితే తప్ప చేరలేం. నా లెక్క ప్రకారం ఇది మంచిదే: క్యాసినో దారిలో అడ్డం రాదు, వెతుక్కుంటూ వెళ్లాలి. పాత గోవా చర్చిలు, దూద్‌సాగర్, దక్షిణ గోవా బీచ్‌లు చూసుకుని రావచ్చు. ఓడలో పిల్లలకు వేరే ఆటగది ఉంది, వాళ్లను అక్కడ వదిలి మీరు ఆడుకోండి అని ఎవరైనా ప్యాకేజీ చూపిస్తే వద్దనండి.

అమెరికాలో కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో వెళ్లినవాళ్లను లాస్ వెగాస్ తీసుకెళ్లడం ఇప్పుడు ఆనవాయితీ అయింది. ఆ ఊరు 1990ల్లోనే కుటుంబాలను పిలిచింది. 1993లో ఎంజీఎం గ్రాండ్ పక్కన థీమ్ పార్కు పెట్టారు, పదేళ్లు కూడా నిలవలేదు. 2023లో వచ్చిన గోళం ఆకారపు స్ఫియర్ థియేటర్ చూడదగ్గదే. కానీ అక్కడ చాలా హోటళ్లలో గది లిఫ్టుకు వెళ్లాలంటే జూదం యంత్రాల మధ్య నుంచే నడవాలి. పిల్లలు నడిచి వెళ్లొచ్చు, ఆగకూడదు. గ్రాండ్ కాన్యన్‌కు మకాంగా వాడుకుని ఒక రాత్రి ఉంటే చాలు. కొలంబోలోనూ 2025 ఆగస్టులో పెద్ద క్యాసినో రిసార్టు తెరిచారు. శ్రీలంక వెళ్లేవాళ్లు కాండీకి, సీతమ్మ గుడికి వెళ్తారు గానీ దాని కోసం వెళ్లరు, అందుకే ఈ పోలికలో చేర్చలేదు.

మీ ఇంట్లోవాళ్లను బట్టి

మొదటిసారి దేశం దాటుతున్నారు, అత్తమామలు, బడికెళ్లే పిల్లలు ఉన్నారు అంటే సింగపూర్. డబ్బు సరిపోకపోతే రోజులు తగ్గించుకోండి, ఊరు మార్చకండి. ఆ బడ్జెట్టు అసలే కుదరకపోతే కౌలాలంపూర్‌లో ఉండి జెంటింగ్‌ను ఒక పగటి ప్రయాణంగా చేసుకోండి. ఏజెంట్లు సింగపూర్, మలేషియా రెండూ కలిపి అమ్మే ప్యాకేజీలో బస్సు ప్రయాణమే ఒక రోజు తినేస్తుంది. చిన్నపిల్లలుంటే ఒక దేశంతో ఆపేయడం నయం.

మకావు రెండో ప్రయాణానికి. హాంకాంగ్‌లో డిస్నీల్యాండ్ పెట్టుకుని, మకావుకు రెండు రాత్రులు కేటాయించండి. ఒక పగలంతా పాత ఊరికి, ఒక సాయంత్రం నీళ్ల ప్రదర్శనకు. టీనేజీ పిల్లలు, నడవగల పెద్దలు ఉంటే ఇది సింగపూర్ కంటే గుర్తుండే యాత్ర అవుతుంది. ఒక్కటి మాత్రం చూసుకోండి. క్యాసినో డబ్బుతో నడిచే వినోదం ఉన్నపళంగా మూతపడుతుంది, పేరు మారుతుంది. మకావు నీళ్ల ప్రదర్శన ఐదేళ్లు ఆగింది, జెంటింగ్ పాత బయటి పార్కు 2013లోనే మూసేశారు. ఎనిమిదేళ్ల కింద వెళ్లొచ్చిన బావగారు చెప్పిన జాబితా పట్టుకుని బయల్దేరవద్దు. మీరు దేనికోసం వెళ్తున్నారో అది ఆ వారం తెరిచి ఉందో లేదో సొంత వెబ్‌సైట్‌లో చూశాకే టికెట్టు కొనండి.

గుంపులో పేకాట పిచ్చి ఉన్నవాళ్లు ఉంటే లెక్క మొత్తం మారుతుంది. మన రాష్ట్రంలో 1974 చట్టం, 2020లో ఆన్‌లైన్ ఆటల మీద నిషేధం ఉండటంతో ఇక్కడ చాటుగా ఆడే మనిషికి అక్కడి దీపాలు, ఉచిత పానీయాలు, మర్యాదలు చూస్తే పండగే. "ఒక్క గంట చూసొస్తాను" అని వెళ్లిన చిన్నాన్న తెల్లారి వస్తాడు. అలాంటి కుటుంబానికి జెంటింగ్ రాత్రి బస, కోటాయ్ హోటల్ రెండూ వద్దు. సింగపూర్ వెళ్లండి, లిటిల్ ఇండియా దగ్గర హోటల్ తీసుకోండి, పాస్‌పోర్టులన్నీ పిన్నిగారి హ్యాండ్‌బ్యాగులో పెట్టండి. పాస్‌పోర్టు లేకపోతే విదేశీయుణ్ణి క్యాసినో గుమ్మం దాటనివ్వరు. అక్కడి చట్టంలో తనను తాను లోపలికి రానివ్వొద్దని రాసిచ్చుకునే వీలు కూడా ఉంది, విదేశీయులకు కూడా. మన ఇళ్లలో ఆ కాగితం ఎవరూ రాయరు గానీ, హ్యాండ్‌బ్యాగు పద్ధతి పనిచేస్తుంది.

విదేశీ ప్యాకేజీ కొంటే ఏజెంటు టీసీఎస్ అనే ముందస్తు పన్ను వసూలు చేస్తాడు. అది పోయిన డబ్బు కాదు, మీ పాన్ మీద జమవుతుంది, ఆదాయపన్ను రిటర్నులో తిరిగి అడగొచ్చు. రసీదు మీద పాన్ నంబరు సరిగ్గా ఉందో లేదో అక్కడికక్కడే చూసుకోండి.

తేదీల విషయంలో మకావుకే ఎక్కువ జాగ్రత్త కావాలి. అక్టోబర్ 1 నుంచి 7 వరకు చైనా సెలవులు, కొన్నేళ్లు మన దసరా సెలవులతో కలిసిపోతాయి. ఆ వారం గది ధరలు ఆకాశంలో ఉంటాయి, సెనాడో కూడలిలో కాలు పెట్టే జాగా ఉండదు. జులై నుంచి సెప్టెంబర్ దాకా తుపాన్లు. గట్టి హెచ్చరిక వస్తే వంతెన, ఫెర్రీలు ఆపేస్తారు, విమానం హాంకాంగ్‌లో ఉండి మీరు మకావులో ఉండిపోతారు. దసరా సెలవులు అక్టోబర్ రెండో వారం దాటి వచ్చిన ఏడాది అయితే వాతావరణం బాగుంటుంది, కాకపోతే పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం చూడటం మానుకోవాలి. విజయనగరంవాళ్లు దానికి ఒప్పుకోరు కాబట్టి మిగిలేది సంక్రాంతి సెలవులు. జనవరిలో మకావు చల్లగా ఉంటుంది, పెద్దవాళ్లకు స్వెటర్ కావాలి. చైనా కొత్త సంవత్సరం ఆ ఏడాది ఏ తేదీన వచ్చిందో చూసుకుని, దానికి కనీసం వారం ముందే తిరిగొచ్చేలా టికెట్టు తీయండి.